పైపు దారిలో పడుకున్న మనిషి

ఇంగ్లండులోని యార్క్‌లో ఎవరు పెరట్లో చిన్న పైపు వేసుకోవాలన్నా పురావస్తు శాఖ తరఫున ఫిలిపా వచ్చి పక్కన నిలబడాల్సిందే. పాత ఊరి మీద కట్టిన ఊరు మరి. జేసీబీ తవ్వుతుంటే చూస్తూ ఉంటుంది. పెంకో, పునాదో, ఎప్పుడో పాతిపెట్టిన మనిషి ఎముకలో కనబడితే ఆపమంటుంది. మనుషులు బయటపడితే కాస్త విసుగు పని. వెలుతురు తగలగానే మోకాళ్ళు ముడుచుకుంటారు, అటు ఒత్తిగిలుతారు, ఇటు ఒత్తిగిలుతారు. వాళ్ళు సర్దుకునేదాకా బొమ్మ గీయడానికి లేదు. ఆ చలిలో చేతులు ఊదుకుంటూ ఆగాలి.

ఆ మంగళవారం పని థెల్మా ఇంట్లో. ఆమె మొగుడు సిరిల్‌కి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మెట్లెక్కలేడు కనక కింద స్నానాలగది కట్టిస్తే శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు ఆస్పత్రివాళ్ళు. లేదంటే ఊరవతల వృద్ధాశ్రమానికే.

"ఆ మాటకి ఏడ్చాడు తల్లీ. ఇన్నేళ్ళలో ఆ మనిషి కంట నీళ్ళు చూడలేదు," అంది థెల్మా. "ఇక్కడ నీకేం కనబడకూడదని మొక్కుకుంటున్నా. ఏమనుకోకు. వణికిపోతున్నావు, లోపలికొచ్చి టీ తాగు."

తవ్వకం వదిలి వెళ్ళకూడదు. వెళ్ళింది.

జేసీబీకి పళ్ళు లేని బకెట్ తగిలించి, దాంతోనే మెల్లగా గీకాలని ఫిలిపా పట్టు. పళ్ళుంటే అడుగునున్నవన్నీ చెదిరిపోతాయి. కానీ మెల్లగా గీకితే శుక్రవారానికి పని అయ్యేనా? బండి నడిపే డెస్ థెల్మా మీద జాలికొద్దీ, ఫిలిపా అటు వెళ్ళగానే పళ్ళ బకెట్ తగిలించేశాడు.

టక్కుమన్న చప్పుడుకి ఫిలిపా కప్పుతోనే పరిగెత్తుకొచ్చింది. గోతిలో ఒక ఆడమనిషి ఎముకలు, సరిగ్గా పైపు దారికి అడ్డంగా. మోకాలిచిప్ప పగిలింది. పాపం, కాళ్ళు దగ్గరికి లాక్కుంటోంది.

"బుద్ధుందా డెస్ నీకు!"

"సరదాకి చేశానా ఏంటి? టైముకి అవ్వాలిగా!" అన్నాడే గానీ వాడి మొహం పాలిపోయింది.

ఫిలిపా కప్పు గట్టు మీద పెట్టేసింది. టీకి ఆశపడింది తనే కదా. ఇక పని ఆపాలి, అనుమతి రావాలి, వారాలు పడుతుంది. ఆ మాట చెప్పబోయేంతలో, థెల్మా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బురదలోకి దిగి, ఆ పగిలిన మోకాలి మీద చెయ్యేసింది.

"నొప్పెట్టిందా అమ్మా? తప్పు మాదే. మా ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి. కాస్త అటు జరుగు, నీకు పుణ్యముంటుంది."

భుజం కదిలింది, తర్వాత నడుం, తర్వాత కాళ్ళు. నెమ్మదిగా పక్క మట్టిలోకి జరిగిపోయింది.

"హమ్మయ్య! అడ్డం తొలగింది," అన్నాడు డెస్. అంతలోనే గొంతు తగ్గించాడు. "పైపుకి జానెడు చాలుగా... వీళ్ళెప్పుడూ ఎంత కావాలో అంతే జరుగుతారు."

గోతిలో ఆమె వదిలింది జానెడు కాదు. ఓ మనిషి వెల్లకిలా పడుకునేంత చోటు. సిరిల్ పొడగరి. ఆ చోటూ పొడుగ్గానే ఉంది.

'అదేం కాదులెండి' అని థెల్మాతో అనబోయి ఫిలిపా అనలేకపోయింది. ఇలా చోటు వదిలిన ఇళ్ళల్లో రెండు మూడు రోజుల్లోనే ఎవరో పోవడం చూసినదానికి ఆ అబద్ధం ఎలా వస్తుంది?

"శుక్రవారం దాకా ఉండడన్నమాట," అంది థెల్మా. కళ్ళు తుడుచుకుంది. "డెస్, నీ వ్యాన్‌లో సామాను తీసెయ్. ఆస్పత్రికి పోదాం."

"స్నానాలగది లేందే పంపరుగా."

"వాళ్ళనడిగేదెవరు? నా మొగుణ్ణి నేను తెచ్చుకుంటా. బేసిన్‌లో నీళ్ళు పెట్టుకుని నేనే ఒళ్ళు తుడుస్తా."

ఫిలిపా పని ఆపించి, తనూ వ్యాన్ ఎక్కింది. సాయంత్రం సిరిల్‌ని లోపలికి మోసుకొస్తుంటే కాళ్ళ వైపు తను పట్టింది. గడప దాటగానే అతను సగం నోటితో నవ్వాడు.

గురువారం పొద్దున, గుడ్డు మరీ గట్టిగా ఉడికించావని థెల్మా మీద సణిగాడు. ఆమె విసుక్కుంటూ లేచింది. మెత్తగా ఇంకోటి ఉడికించి తెచ్చేసరికి తన కుర్చీలోనే పోయి ఉన్నాడు.