రెండు వేల మనిషి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మంచితనం వల్లే ఊరికి రావాల్సిన కార్ఖానా పోయింది. రాజారాం సేఠ్‌ను తిట్టుకోని రోజు లేదు గానీ, ఆ మాట అన్న నోరు మాత్రం నాదే.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు లేత్ మిషన్ మీద పనిచేశాను. షాఫ్టు చేస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. జీతం ఆరు వేలు. రెండు వేల రెండులో మమ్మల్ని ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి మా విమల చుట్టే బీడీలే మా అన్నం. తంబాకు ఘాటుకు ఆమెకు దగ్గు పట్టుకుంది. బీడీలు మానకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు. మానితే తినేదేమిటి, నా తలకాయా?

రెండేళ్లకు ఒక పంపుల కంపెనీ వాళ్లు జాగా చూడటానికి నిజామాబాద్ వస్తున్నారని తెలిసింది. వాళ్లను పిలిపించింది పసుపు వ్యాపారి రాజారాం సేఠ్. ఊరి మేలు కోరే మనిషే, అబద్ధమెందుకు చెప్పాలి. పనితనం చూపించడానికి నన్ను రమ్మన్నాడు. ఎనిమిది వేలు అడుగుతానని, కుదిరిన రోజే నీ బీడీల చేట అటక మీద పడేస్తానని విమలకు మాటిచ్చి బస్సెక్కాను.

వాళ్లు రాకముందే సేఠ్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఎనిమిదంటే బెదిరిపోతరు బాలనర్సయ్యా. రెండు వేలు చాలు అను. సరుకు అగ్గువుంటెనే గిరాకి వస్తది. ముందుగాల కార్ఖానా పడనీ, ఎనక వాళ్లే పెంచుతరు."

నలభై ఏళ్లు మార్కెట్ యార్డులో పసుపు అమ్మిన మనిషి. నాకూ నిజమే అనిపించింది.

కంపెనీ వాళ్లు ఇనుప కడ్డీ, కొలతల నక్షా చేతికిచ్చి లేత్ మీద పని చెయ్యమన్నారు. చేశాను. వాళ్ల ఇంజనీరు కొలిచి, మళ్లీ కొలిచి, నా భుజం తట్టాడు. జీతం ఎంత కావాలని అడిగాడు.

"రెండు వేలు చాలు సార్."

ఆయన ముఖం మారిపోయింది. ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారని సేఠ్‌ను అడిగాడు. వంద మంది దొరుకుతారు, అందరూ ఇదే ధరకని సేఠ్ ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. ఇంత పనివాడికి రెండు వేలే దిక్కయిన ఊళ్లో పని నేర్చినవాళ్లు నిలవరనీ, ఉన్నవాళ్లు రేపో మాపో దుబాయ్ పోతారనీ, అప్పుడు తమ మిషన్లు ఎవరు నడపాలనీ అన్నాడు. నా పాత జీతం చీటీ జేబులోనే ఉంది. అప్పుడైనా తీసి చూపించాల్సింది. సిగ్గుతో దాన్ని ఇంకా లోపలికి తోసుకున్నాను.

కంపెనీ పుణె వైపు వెళ్లిపోయింది.

పదిహేను రోజులకు సేఠ్ కబురు పెట్టాడు. తన పసుపు మిల్లులో మిషన్లు చూసుకోమన్నాడు. ఐదు వేలన్నా ఇవ్వమని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"రెండు వేలు చాలని నువ్వే అంటివి గద?"

ఒప్పుకొని ఇంటికి వచ్చాను. ఎంతకు కుదిరిందని విమల అడిగితే చెప్పాను. తిట్టినా బాగుండేది. దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడి, తర్వాత కూర్చుని చేట ఒళ్లోకి లాక్కుంది.