ఉప్పు చూడని వంట

దేవుణ్ణి నమ్మడం మంచిదే. కానీ మూడొందల మందికి బిర్యానీ వండాల్సిన రోజునే ఉపవాసం మొక్కుకున్న వంటమనిషిని ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. సల్మా మొక్కుకుంది. నలుగురిలో నిలబడి వండే మొదటి వంట కదా, అల్లా పేరు మీద రోజా ఉంటే మంచిదనుకుంది. రోజాలో ఉంటే వంట రుచి చూడలేనన్న సంగతి మొక్కేటప్పుడు తట్టలేదు పాపం.

వంట ఆమె తండ్రి మహబూబ్ పని. పెళ్ళి బిర్యానీకి ఆయన చేతికి తిరుగులేదని పేరు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది. పదేళ్ళ వయసు నుంచి తండ్రి వెనకే తిరిగిన సల్మా, మాంసం నానిందో లేదో వాసన పట్టి చెప్పేస్తుంది. తనకు అల్లా ఇచ్చిన పని ఇదేనని ఆమెకు ఏనాడూ అనుమానం లేదు. అనుమానమంతా లోకానికే, అందులోనూ చిచ్చా మజీద్‌కు. తండ్రికి తమ్ముడైన ఆయనా వంటమేస్త్రీయే.

"ఆడపిల్ల దేగ్ ముందట నిలవడుడేంది? బర్కత్ ఉంటదా, కలిసొస్తదా?" అన్నాడు మజీద్. దేగ్ అంటే పెళ్ళివంటల రాగిపాత్ర, నిండుగా ఉన్నదాన్ని ఎత్తాలంటే నలుగురు మగవాళ్ళకు నడుములు పడిపోతాయి. "సరే, ఒక్క వంట చెయ్. చెడిందనుకో, ఆ పొద్దే మీ అబ్బా దేగ్‌లు మూడూ నా ట్రాలీ ఎక్కుతయ్."

మహబూబ్ తమ్ముడికి ఎదురు చెప్పలేక బిడ్డ వైపు చూశాడు. సల్మా వెనకాముందూ చూడకుండా "సరే చిచ్చా" అనేసింది.

ఆ ఒక్క వంట కొంగరకలాన్‌లో యాదమ్మ ఇంట్లో దొరికింది. మనవరాలు లిఖితకు ఓణీల ఫంక్షన్. యాదమ్మ ఊరంతా వద్దన్న పనే ఏరికోరి చేసే రకం. "మహబూబ్ చేతి వంట తిన్న నోర్లు, ఆయన బిడ్డ చేతిది తినయా? నువ్వు రా బిడ్డా" అంది.

ఫంక్షన్ రోజు పొద్దున ఆరింటికి దేగ్‌లు మోసే మనుషులు రావాలి. ఏడయినా జాడ లేదు. ఫోన్ చేస్తే ఒకడికి జ్వరం, ఇంకొకడి మేనత్తకు జ్వరం, మిగిలిన ఇద్దరి ఫోన్లకే జ్వరం. మజీద్ మాట ఎక్కడెక్కడికి పోయిందో సల్మాకు అర్థమైంది. షామియానా గుంజ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"యా అల్లా, పని నువ్విచ్చినవ్. మనుషుల్ని గూడ నువ్వే పంపాలె."

మనుషులు వచ్చారు. సంతోషమ్మ, ఆమె వెనక నాట్ల ముఠా ఆడవాళ్ళు పదిమంది. ఒకప్పుడు యాదమ్మ పొలంలో వరినాట్లు వేసినవాళ్ళు. పొలం ప్లాట్లయినాక దొరికిన పని చేసుకుంటున్నారు, ఆ రోజు ఉల్లిగడ్డలు తరగడానికి వచ్చారు. సంగతి విని సంతోషమ్మ కొంగు నడుముకు దోపింది.

"నిండిన దేగ్ ఎత్తుడెందుకు బిడ్డా? వడ్డించే కాడనే పొయ్యి పెడితే అయిపోదా?"

ఇంత చిన్న మాట ఇన్నేళ్ళలో ఒక్క మేస్త్రీకీ తట్టలేదు, ఎత్తేది వాళ్ళు కాదు గదా మరి. ఖాళీ దేగ్‌లను బంతుల పక్కకే చేర్చి, రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. రాత్రే ఉప్పూకారం పట్టించి నానబెట్టిన మాంసాన్ని సల్మా కింద పరిచింది. గుండిగల్లో బియ్యం సగం ఉడకగానే ఎసట్లోంచి తీసి దాని మీద పరవాలి, ఆలస్యమైతే మెత్తబడుతుంది. ఆడవాళ్ళు నారు కట్టలు అందించుకున్నట్టే వరసగా నిలబడి జల్లిబుట్టలు అందించుకున్నారు. ఎవరో నాట్ల పాట ఎత్తుకున్నారు, ఇక ఒక్క చెయ్యీ ఆగలేదు. వంటశాలలో పాట వినడం సల్మాకు అదే మొదలు, సంతోషంతో ఒళ్ళు పులకరించింది.

మూతలు పెట్టి, అంచులు పిండిముద్దతో మూసి, పైన నిప్పులు పరిచింది. ఇక గంటసేపు దమ్ము. మధ్యలో మూత తీస్తే ఆవిరి పోయి, అడుగున మాంసం పచ్చిగా మిగులుతుంది.

అప్పుడు సంతోషమ్మ చెమట తుడుచుకుంటూ, "ఎసట్ల ఉప్పు మంచిగ ఏసిన బిడ్డా. యాదమ్మ ఇంట్ల దొడ్డుప్పు, గుండిగకు రెండు దోసిళ్ళు" అంది.

సల్మా గిరుక్కున తిరిగింది. "నేనేసిన గదక్కా!"

"అయ్యో, నాకెర్క లేకపాయె! నువ్వు ఉప్పు సూసుడు నేను సూడలే, ఏయలేదనుకున్న."

"రోజా ఉన్న. ఎట్ల సూస్త?"

సరిగ్గా అప్పుడే మజీద్ ఊడిపడ్డాడు, ట్రాలీతో సహా. విషయం విని తల పట్టుకున్నాడు. "నాలిక మీద పెట్టి ఉమ్మేస్తే రోజా పోదే పిచ్చిదానా! మూత తియ్, సూద్దాం."

"తీద్దామా బిడ్డా?" అంది యాదమ్మ. అంతటి మొండి మనిషి గొంతూ పలచబడింది. చుట్టాలు దిగుతున్నారు.

తీస్తే ఉప్పు సంగతి తెలుస్తుంది, వంట పోతుంది. తీయకపోతే మూడొందల నోళ్ళలో పడేదాకా ఏమీ తెలియదు. సల్మాకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"తియ్యను. నా చేతనైనంత నేను చేసిన. మూత లోపలిది ఆయన పని."

పక్కనే నీడలో చాప పరుచుకుని మధ్యాహ్నపు జుహర్ నమాజుకు నిలబడింది. సజ్దాలో నుదురు నేలకు ఆనించినా మనసులో ఉప్పే మెదిలింది. దేవుడు ఆ మాట కూడా వినే ఉంటాడు.

గంట తర్వాత మూత తీస్తే ఆవిరి షామియానా దాకా లేచింది. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. మొదటి ప్లేటు మజీద్‌కే ఇచ్చింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది కలుపుతున్నాడు.

"చిచ్చా, చెప్పరాదు!"

"తిననియ్యవా ఏంది?"

"ఉప్పు?"

"సరిగ్గుంది."

సల్మా సామాన్ల పెట్టె దగ్గరకు పరుగెత్తింది. ఎసట్లోకని ఇంటి నుంచి తెచ్చిన ఉప్పు ప్యాకెట్లు కట్ట విప్పకుండా అట్లనే ఉన్నాయి. పొద్దుటి కంగారులో ఎసట్లో షాజీరా వేసింది, బిస్మిల్లా అంది, ఉప్పు మరిచిపోయింది. వేశానని ఒట్టు పెట్టడానికి కూడా సిద్ధపడిందే! ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. మనుషుల్ని పంపమని అడిగితే, ఆయన ఉప్పుతో సహా పంపాడు.

బంతులు లేచేసరికి మూడు దేగ్‌లూ అడుగంటా ఖాళీ. మజీద్ ట్రాలీ వెనక్కి తిప్పి దేగ్‌లు ఎక్కించసాగాడు.

"యాడికి చిచ్చా?" అంది సల్మా.

"మీ ఇంటికే. అన్న ముందట నేనే దించాలె." కాసేపు తాడు ముడి సవరించాడు. "వచ్చే ఐతారం రావిర్యాలల నిఖా ఉంది. నేను ఒప్పుకున్న వంట. నువ్వు వండు. నేను బియ్యం కడుగుత."

ముప్పై ఏళ్ళుగా వండుతున్న మేస్త్రీ నోట వచ్చిన మాట అది.

"కడుగుడు ఒక్కటే గాదు చిచ్చా," అంది సల్మా, కళ్ళు తుడుచుకుని. "సంతోషమ్మక్క వెనక వరసల నిలవడాలె. పాట గూడ పాడాలె."