అర సెకను ఆలస్యం

నాకు ముక్కు మీదే కోపమని మా ఎడిటర్‌గారు ఊరంతా టముకు వేస్తుంటారు. వేసుకోనివ్వండి. పదకొండేళ్లుగా వారపత్రికలో వీడియో గేముల మీద రాస్తున్నాను. బాగుంటే బాగుందంటాను, లేకపోతే ఉతికి ఆరేస్తాను. కొత్త గేము తెప్పించాలా వద్దా అని దుకాణాలవాళ్లు నా శీర్షిక చూశాకే తేల్చుకుంటారు.

ఆ శనివారం సాయంత్రం అయిదింటికల్లా ఒక రెజ్లింగ్ గేము మీద తీర్పు పంపాలి. ఆరుగురు కలిసి మూడేళ్లు కిందామీదా పడి చేసిన మొదటి గేము అది. "మీరు బాగాలేదంటే మా ఆఫీసుకు తాళం పడుతుంది. అయినా ఉన్నదున్నట్టే రాయండి" అని ఉత్తరం కూడా జతచేశారు. అది చదవగానే నాకు ఒళ్లు మండింది. జాలిపడమని డొంకతిరుగుడుగా అడగడం కాకపోతే ఏమిటిది?

మధ్యాహ్నానికల్లా రాయడం ముగించాను. రింగు మీద పడే వెలుగులు బాగున్నాయి. తాళ్లకు ఆనుకుంటే అవి సాగి వెనక్కి తోసే తీరు బాగుంది. ఇక లోపాలంటారా, వ్యాఖ్యాత నాలుగే ముక్కలు తిప్పి తిప్పి చెవిలో జోరీగలా వాగుతాడు. ప్రేక్షకుల్లో ఒకే మీసాలాయన ఇరవై కుర్చీల్లో కూర్చుని ఉంటాడు. అన్నిటినీ మించిన లోపం, ఎదుటి మనిషిని ఎత్తడానికి బటన్ నొక్కితే మన బొమ్మ వెంటనే ఎత్తదు. అర సెకను అలా పట్టుకుని నిలబడుతుంది. ప్రతిసారీ అంతే. "ఈ ఒక్క జాప్యం చాలు, గేమును అటకెక్కించడానికి" అని రాసి పదికి నాలుగు మార్కులు వేశాను.

"నాలుగేనా? పాపం, ఎంత కష్టపడ్డారో ఏమో!" అంది అమ్మ, వెనక నుంచి తొంగిచూస్తూ.

మా అమ్మ పద్దెనిమిదేళ్లు రింగులో పడింది. పడడమే ఆవిడ ఉద్యోగం. ఎత్తి పడేసే ఆవిడను జనం 'రాక్షసి' అనేవాళ్లు. ఆరడుగుల మనిషి, నల్ల ముసుగు. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని, ఆ రాక్షసి మా అమ్మను తలపైకెత్తి దభీమని పడేయడం చూసేదాన్ని. నాకు ఈ లోకంలో అమ్మ తప్ప ఎవరూ లేరు. సోమవారం అదే రాక్షసి ముసుగు లేకుండా మా ఇంటికొచ్చి, మా అమ్మతో పకపకా నవ్వుతూ భోంచేసేది! నాకు కడుపు రగిలిపోయేది. ఒకసారి ఆవిడ టీలో గుప్పెడు ఉప్పు వేశాను. మొత్తం తాగేసి, "భలే పెట్టావే" అంది.

అంతా ముందే అనుకుని ఆడే ఆట అని పెద్దయ్యాక తెలిసింది. తెలిసినా నా కోపం మాత్రం పోలేదు. ఇప్పుడావిడకు డెబ్బై. రెండు వీధుల అవతల బట్టలు సరిచేసే దుకాణం నడుపుతోంది. ప్రతి శనివారం అమ్మతో పేకాటకు వస్తుంది. నేను తలుపు తీసి, "రండి" అని ఒక్క ముక్క అని, నా గదిలోకి వెళ్లిపోతాను. నలభై ఏళ్లొచ్చినా ఇదే వరస.

ఆ రోజూ తలుపు తీశాను. ఆవిడ టీవీలో నడుస్తున్న గేము చూసి ఆగిపోయింది.

"ఒసే, ఇది మన ఆటే కదే!"

"మరే. రా, కూర్చో. నేను పడతా, నువ్వెత్తు," అంది అమ్మ.

ఇద్దరూ చెరో కంట్రోలర్ లాక్కున్నారు. బటన్లు నేను చూపించాల్సి వచ్చింది. ఇక చూడాలి నా అవస్థ! ఎవరూ గెలవడానికి ఆడరే! ఒకరు పడితే, వాళ్లు లేచేదాకా రెండోవారు ఓపిగ్గా నిలబడతారు.

"అమ్మా, కొట్టాలి! గెలవాలి!"

"ఎందుకే తొందర? జనం ఇంకా వేడెక్కలేదు," అంది రాక్షసి.

తెర మీద ప్రేక్షకుల ఉత్సాహం చూపించే గీత ఒకటుంది. ఇరవై గంటలు ఆడినా నేను దాన్ని సగం దాటించలేకపోయాను. వీళ్లు పావుగంటలో నిండా నింపేశారు. నేను నోరెళ్లబెట్టాను.

అంతలో రాక్షసి చెయ్యెత్తింది. "ఆగాగు. ఆ ఎత్తడం మళ్లీ చూపించమ్మాయ్. నెమ్మదిగా, దగ్గరగా."

నేను విసుక్కుంటూ వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపించాను. నేను తిట్టిపోసిన ఆ అర సెకను తెరంతా పరుచుకుంది. ఎత్తే ఆవిడ వేళ్లు ఎదుటి ఆవిడ మణికట్టును రెండుసార్లు నొక్కాయి. ఎదుటి వేళ్లు తిరిగి నొక్కాయి. ఆ తర్వాతే కాళ్లు గాల్లోకి లేచాయి.

"అడుగుతోంది," అంది అమ్మ.

"ఏమని?"

"సిద్ధమేనా అని. మేమూ అలాగే అడిగేవాళ్లం. జనానికి కనపడదు. జవాబొస్తేనే ఎత్తాలి."

"జవాబు రాకముందే ఎత్తేస్తే?"

"మెడ విరుగుతుంది. మాకు ముందు ఒక జోడీ ఉండేది. అడక్కుండా ఎత్తారు. ఆ పిల్ల మళ్లీ నడవలేదు," అంది రాక్షసి.

ఇరవై గంటలు చూసి కూడా నా కళ్లకు ఆ వేళ్లు ఆనలేదు. ఆ ఆరుగురూ ఎవరి దగ్గరో కూర్చుని, అడిగి, నేర్చుకుని మరీ చేశారు. నేనేమో దానికే వాళ్ల ఆఫీసుకు తాళం వేయించబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

గదిలోకి వెళ్లి మళ్లీ రాశాను. వ్యాఖ్యాతను తిట్టిన మాటల్లో ఒక్కటీ తగ్గించలేదు. మీసాలాయన్నీ వదల్లేదు. ఆ వేళ్లను దగ్గరగా చూపించకపోవడం వాళ్ల తప్పేనని కూడా రాశాను. కానీ అర సెకనును లోపాల్లోంచి తీసి అన్నిటికంటే పైన పెట్టాను. అది ఎందుకుందో వివరించి, పదికి ఎనిమిది వేసి, అయిదుకు పది నిమిషాలుందనగా పంపించాను.

బయటికి వచ్చేసరికి రాక్షసి చెప్పులు వేసుకుంటోంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా జవాబు రాకుండా ఎత్తారా?"

"ఎత్తలేదు. ఒక్కసారి జవాబు రాలేదు. మీ అమ్మకి ఆ రోజు ఒళ్లు కాలిపోతోంది. సెలవు పెడితే పని పోతుందని వచ్చింది. రెండుసార్లు నొక్కాను, మూడోసారి నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. నిలబడ్డచోటే స్పృహ తప్పుతోంది."

"మరి?"

"ఏముంది? అది నన్ను తోసినట్టు నేనే వెల్లకిలా పడిపోయాను. దాన్ని నా మీదకే లాక్కున్నాను. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా నేను లేవలేదు, అది గెలిచింది. అనుకున్న ఆట తప్పానని మా యజమాని నన్ను నానా తిట్లూ తిట్టి రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టాడు. నువ్వు మాత్రం కుర్చీ ఎక్కి ఒకటే గంతులు! నాకేసి నాలుక కూడా చాపావు."

నాకు గుర్తుంది. అమ్మ గెలిచిన ఒకే ఒక్క రోజు. నా చిన్నతనంలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు. అమ్మ వైపు చూశాను. తలూపింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మ గెలిచిందని అంత మురిసిపోతుంటే ఎలా చెప్పనే?" అంది రాక్షసి.

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. సూదులు గుచ్చుకుని గరుకుబారిన వేళ్లు. "మా అమ్మని నాకు దక్కించారు. నేను మీకు ఎంతో రుణపడి ఉన్నాను అత్తా," అని చెప్పి, చిన్నపిల్లలా భోరుమన్నాను.