పాచిక వేయకూడని మనిషి

"లిగాయా, లుంపియా అయిపోయాయి. ఇంకో వాయి వేయి," అని ముందుగదిలోంచి మొగుడు రోమెల్ కేకేశాడు.

ఇలోయిలో ఊళ్లోని ఆ ఇంట్లో ఆదివారం వచ్చిందంటే బల్ల చుట్టూ ఆటే. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రై మాట్లాడుతూ, పాచిక ఎలా పడితే అలా కథ నడిపించే ఆట. అందులోని ఊరినీ, సైనికపాలననీ, నియమాలనీ కల్పించింది లిగాయా. బట్టలారేస్తూ, చేపలు తోముతూ కల్పించింది. అప్పట్లో అత్తగారు "పిల్లాటలతో పొద్దుపుచ్చుతున్నావా?" అనేది. నలుగురూ మెచ్చుకున్నాక "మావాడి ఆట" అని వీధంతా చెప్పుకు తిరిగింది. రోమెల్ కాదనలేదు. లిగాయా కూడా కాదనలేదు. తన పేరు పోయినా ఒక్క నియమం నిలిస్తే ఆమెకు చాలు. ఆటలో సైనికులు పట్టుకుపోయిన పడవవాడు ఒకడున్నాడు. కథలో పొద్దుగూకినప్పుడల్లా అందరూ "వచ్చాడా?" అని అడగాలి. అతని మీద మాత్రం ఎవరూ పాచిక వేయకూడదు. లిగాయాకు ఊహ తెలియకముందే ఆమె తండ్రిని అలాగే పట్టుకుపోయారు.

"ఆ సైనికపాలన రోజుల్లో రోడ్లు అద్దంలా ఉండేవిరా. గొడవచేసినవాళ్లనే పట్టుకెళ్లారు. మంచివాళ్ల జోలికి ఎవరెళ్లారు?" అంటున్నాడు రోమెల్.

"అప్పటికి నువ్వు నిక్కరైనా వేసుకోలేదు కదన్నా!" అన్నాడు ఆటకొచ్చిన జెపోయ్.

"వీడియోలో చూశాను కదరా."

అందరూ నవ్వారు.

"పడవవాడి కథ మరీ ఒకవైపే ఉంది. అందుకే సరిచేశాను. పాచిక వెయ్యి. మూడులోపు పడితే అడవిలో తుపాకీ పట్టాడు. పైన పడితే మనీలాలో ఇంకోదాన్ని ఉంచుకున్నాడు," అన్నాడు రోమెల్.

ఐదు పడింది.

"చిన్నిల్లు!" బల్ల చరిచారు. "పెళ్లాం పాపం ఏటిగట్టున, అయ్యగారు పరుపుమీద!"

లిగాయా పళ్లెంతో గుమ్మంలో నిలబడిపోయింది.

"రా వదినా, పూటకూళ్లమ్మ పాత్ర ఖాళీగా ఉంది," అన్నాడు జెపోయ్.

"రోమెల్, అతనెవరో నీకు తెలుసు కదా."

"తెలుసు. మనం విన్నదంతా మీ అమ్మ చెప్పిందే కదా. రెండోవైపు ఎవరు చెప్పారు?"

కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

కోపం వస్తుందనుకుంది, రాలేదు. పెళ్లైన కొత్తలో ఈ మనిషే లిగాయా తండ్రి ఫొటో ముందు తలవంచి నిలబడ్డాడు. అప్పుడూ లోపల ఇదేనా? తను ఏడ్చిన ప్రతిసారీ దగ్గరకు తీసుకుని వీపు నిమిరినప్పుడు, పాపం, వాళ్లమ్మ అల్లిన కథ నమ్మి ఏడుస్తోంది అనుకున్నాడా? ఇన్నేళ్లూ తన దుఃఖాన్ని ఎవరి ఒడిలో దాచుకుంది? పళ్లెం బల్లమీద పెట్టింది. చేతులు వేడికి కమిలిన సంగతి అప్పుడు తెలిసింది.

మర్నాడు పోయినవాళ్ల పండుగ. ఊరంతా పూలతో శ్మశానాలకు వెళ్లింది. లిగాయా బట్టలసంచితో పుట్టింటికి వెళ్లింది. తల్లి ఏనాడూ శ్మశానం వైపు పోదు. మొగుడు పోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. ఎప్పటికైనా వస్తే దారి కనబడాలని వాకిట్లో కొవ్వొత్తి పెడుతుంది. ఆ పనిమీదే వంగి ఉంది.

"అల్లుడేడే?"

"రాడమ్మా," అంది లిగాయా. "అతనికి మాత్రం వెలిగించకు."