అందని మాటలు

పొద్దున్నే ఇస్త్రీ షాపుకి బయల్దేరేముందు ఆమె ఇల్లు ఊడ్చేది. దుమ్ముతో పాటు మాటలు కూడా. ఆరేళ్ళ కూతురికి వినబడని మాటలన్నీ ఆ పిల్ల వెనకే రాలిపడేవి, ఉల్లిపొట్టులా. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే అన్నవాళ్ళ గొంతుతోనే పలికేవి. కిందటేడు రోజుకి రెండు మూడు ఉండేవి. ఇప్పుడు చేట నిండుతోంది.

పిల్లకి వినబడటం లేదని ఆమె చెప్పీ చెప్పీ అలిసిపోయింది. వినదలుచుకోని వాళ్ళ వెనకా మాటలు రాలతాయిలే అనేవారు అందరూ. పిలిస్తే పలకదు, పొగరని టీచరు గోడవైపు తిప్పి నిలబెట్టింది. అత్తగారిది ఒకటే పాట: నువ్వు చూసుకోక మంచం మీంచి పడింది, అందుకే ఎడమ చెవి పోయింది. మా ఇంట్లో చెవిటివాళ్ళెవరూ లేరు.

డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడే ఇలా అయిందా అని. అత్తగారు రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. కారణం తేలక చుక్కల మందు రాసిచ్చి పంపారు. ఒక్క నిజం చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా!

ఆ ఆదివారం షాపు బల్ల మీద పరవడానికి పాత దుప్పటి కోసం ఆమె అటకెక్కింది. మూల ఒక గోనె మూట. ముడి విప్పగానే పొట్టు ఎగిరి మొహాన పడింది. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అత్తగారి గొంతే, కానీ పడుచు గొంతు. నాన్నా, అన్నం చల్లారిపోతోందిరా. ఇంకోటి తీసింది. నిన్నేరా, ఇటు చూడు. మూటంతా అవే.

ఆ ఇంటి పెద్దకొడుకు, ఆమె భర్తకి అన్న, ఆమె పెళ్ళినాటికే లేడు. పలకరిస్తే పలకడని వీధంతా అతన్ని పొగరాయన అనేవారట. లారీ అంతలా హారన్ కొట్టినా పక్కకి తప్పుకోలేదు, ఎంత పొగరో అన్నారట, పోయిన రోజు కూడా.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూట ఈడ్చుకొచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర గుమ్మరించింది.

"మీకు తెలుసు. తెలిసే నా పిల్లకీ ఆ పేరే రానిచ్చారు."

"చిన్నాడికి పిల్లనెవరిస్తారని దాచానే అప్పుడు."

"మరి ఇప్పుడో?"

ముసలావిడ చతికిలబడి ఆ పొట్టు ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంది.

మర్నాడు డాక్టరమ్మ మూడోసారి అడిగింది. కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు మూట బల్ల మీద పెట్టింది.

"మా పెద్దాడివండీ. వాడికి పొగరు లేదు. వినబడేది కాదు."

అప్పుడు స్కానింగులూ రక్తపరీక్షలూ చేశారు. లోపలి చెవిలో ఒక గొట్టం ఉండాల్సిన దానికన్నా వెడల్పట. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కలిసొచ్చిన లోపం. తలకి చిన్న దెబ్బ తగిలినా ఉన్న వినికిడి పోతుంది. కుడి చెవిలో ఇంకా కొంచెం మిగిలింది, కాపాడుకోండి అంది డాక్టరమ్మ.

తనవైపు వంతుకి ఆమె ఏడ్చింది. ఆ తర్వాత అత్తగారితో ఒకే మాట అంది.

"ముందే చెప్పుంటే పిల్లని మంచం ఎక్కనిచ్చేదాన్నే కాదు."

ఇంట్లో మంచాలన్నీ తీసేశారు. అందరూ కిందే పడుకుంటున్నారు. పిల్ల కుడి చెవికి మిషను పెట్టారు. ఆమె మాత్రం అత్తగారిని క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఊడుస్తుంటే, వంటింట్లోంచి అత్తగారు పిలిచింది.

"అమ్మడూ, అన్నం చల్లారిపోతోందే."

ఆమె చీపురు పట్టుకుని నేలకేసి చూసింది. ఏమీ రాలలేదు.

"వస్తున్నా నానమ్మా," అంది పిల్ల.