రాస్కో కౌంటీలో ఒకరు

1932 అక్టోబరులో మా బడికి ఒక పెట్టెడు పాత పుస్తకాలు వచ్చాయి. తెల్లపిల్లల బడిలో వద్దనుకున్నవి మాకు రావడం మామూలే. అట్టలు ఊడిన భూగోళాలు, ఎవరెవరి పేర్లో కొట్టేసిన వాచకాలు. ఈసారి అడుగున మాత్రం నలగని పుస్తకం ఒకటి ఉంది. జార్జియా రాష్ట్రంలో ఏ కౌంటీలో తెల్లవాళ్లు ఎందరో, నీగ్రోలు ఎందరో ప్రభుత్వం వేసిన జనాభా లెక్కలు. శాతాలు నేర్పడానికి పనికొస్తుందని సంబరపడి తరగతికి పట్టుకెళ్లాను.

ముందు మా డెల్మార్ కౌంటీ లెక్క కట్టించాను. నూటికి అరవై ఇద్దరం మనమేనని తేలింది.

"అంతమందిమి ఉండి బడికి ఒక్క పొయ్యి పెట్టించుకోలేకపోయామేం టీచర్?" అంది వెనక వరసలోంచి ఒడెస్సా. ఆ పిల్ల నోటికి జడిసి నేనే సగం ప్రశ్నలు మానుకునేదాన్ని. పుస్తకం దాని చేతికిస్తే, పేజీ మీద వేలు పెట్టుకుని పోతూ పోతూ మళ్లీ తనే అంది: "ఇక్కడ అచ్చుతప్పు పడింది. రాస్కోలో నీగ్రోలు ఒకటి అట."

"ఒక్కడేనా? పాపం, పెళ్లికి ఎవరిని పిలుస్తాడే?" అన్నారెవరో.

"ముందు పెళ్లికూతురు దొరకాలిగా!"

తరగతంతా ఘొల్లుమంది. నేను పుస్తకం లాక్కుని చూశాను. రాస్కో కౌంటీ, నీగ్రోలు: 1910లో పదకొండు వందల నలభై ముగ్గురు. 1920లో సున్నా. 1930లో ఒకరు.

ఆ పదకొండు వందల నలభై ముగ్గురిలో నేనూ ఉన్నాను. అప్పటికి నాకు మూడేళ్లు.

1912 సెప్టెంబరులో ఒక ఆదివారం మా చర్చి తలుపుకి కాగితం కొట్టారు. సోమవారం సాయంత్రంలోగా నల్లవాళ్లంతా కౌంటీ దాటాలి, దాటకపోతే ఎక్కడివాళ్లని అక్కడే తగలబెడతాం అని. అంతకు ముందువారమే ఇద్దరిని చంపేశారు కాబట్టి ఎవరూ వాదించలేదు. పత్తి పగిలి ఏరడానికి సిద్ధంగా ఉంది. ఆవుల్ని పొలాల్లోనే వదిలేశారు. మా నాన్న ఒబడయా ప్రూయిట్ బండి కట్టి అమ్మనీ నన్నూ ఎక్కించి, తన చెల్లెలి కోసం వాగు దగ్గర నిలబడ్డాడు. మా మేనత్త లవీనియాకి పందొమ్మిదేళ్లు. హోలిస్ దొర ఇంట్లో ఆరునెలల పసిపిల్లని పెంచేది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని కబురు చేసింది. పొద్దు వాలినా రాలేదు. వెనకనుంచి తుపాకులు వినబడుతుంటే అమ్మ ఏడ్చి గోలపెట్టింది. నాన్న బండి తోలాడు.

మూడో రోజు ఆయన ఒక్కడే వెనక్కి వెళ్లాడు. వంతెన మీద కాపలా. నదిలోంచి ఎవరో నల్లపిల్లని తీశారని అవతల చెప్పుకుంటున్నారు. ఎవరినని అడగడానికి మనిషి లేడు. ఇంటికొచ్చి, "చెల్లి లేదు" అన్నాడట. అంతే. తరవాత రెండు ఉత్తరాలు రాయించాడు, రెండూ తిరిగొచ్చాయి. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ సాయంత్రం పుస్తకం తీసుకుని నాన్న కొట్టానికి వెళ్లాను. కంచర గాడిద కాలు ఒళ్లో పెట్టుకుని లాడం కొడుతున్నాడు.

"ఏమే పంతులమ్మా, ఇటొచ్చావు? కొంపదీసి నాకు కూడా పాఠం చెప్తావా?"

విషయం చెప్పాను. ఆయనకి చదువు రాదు. వేలితో అంకె చూపించాను. ఒకటి అంటే గీతే కదా, ఆ గీతని తదేకంగా చూశాడు.

"ఎవరైనా కావచ్చు నాన్నా. కొత్తగా ఎవరో వచ్చి ఉండొచ్చు."

"కొత్తవాడు రాస్కోకి వస్తాడుటే? దెయ్యం కూడా నల్లదైతే ఆ వంతెన దాటదు." గాడిద కాలు మెల్లగా కింద పెట్టాడు. "ఉంటే అది హోలిస్ ఇంట్లోనే ఉంటుంది. బతికుంది. ఎస్టెల్, నా చెల్లి బతికుంది. నేనిక్కడ ఇరవై ఏళ్లుగా గాడిదలకి లాడాలు కొట్టుకుంటూ కూర్చున్నాను."

ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. అమ్మ నన్ను వెళ్లొద్దంది. ఆడపిల్ల పక్కనుంటే ఆయన కోపం అదుపులో ఉంటుందని నేనే ఒప్పించాను. వంతెన మొదట్లో నల్లవాళ్లు లోపలికి రాకూడదని బోర్డు ఉంది. దాని కింద కూర్చున్న ముసలాడు మమ్మల్ని ఆపాడు.

"బోర్డు చదవడం వచ్చా?"

"రాదు దొరా. హోలిస్ దొరగారింటి గాడిదకి లాడం ఊడిందని కబురొచ్చింది." నాన్న పనిముట్ల పెట్టె తెరిచి చూపించాడు.

"అదెవరు?"

"నా కూతురండీ. గాడిద తల పట్టుకుంటుంది."

"పొద్దుగూకేలోగా నిన్ను ఇటువైపు చూడాలి. లేకపోతే మళ్లీ ఎటువైపూ చూడను."

"చిత్తం."

నాలుగు మైళ్లు నడిచాం. దారిలో ఒకచోట నాన్న ఆగాడు. ఒకప్పుడు అది మా పొలం. ఇప్పుడు అంతా పీచ్ తోట. ఎక్కువసేపు నిలవకుండా మళ్లీ నడిచాడు.

హోలిస్ ఇంటి వరండాలో చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయి. కాళ్లమీద దుప్పటి. మమ్మల్ని చూడగానే తెల్లబోయింది. తల్లి ఊళ్లోకి వెళ్లింది, తండ్రి పోయి నాలుగేళ్లయింది అని ఆ పిల్లే చెప్పింది. పేరు కోరా. మా అత్త పెంచిన పసిపిల్ల.

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మా, నా పేరు ఒబడయా ప్రూయిట్. మా లవీనియా కోసం వచ్చాను."

ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మార్చిలో పోయింది" అంది. "ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. తొమ్మిది రోజులే."

నాన్న మెట్టుమీద కూర్చుండిపోయాడు. తెల్లవాళ్ల ఇంటి ముందుమెట్టు మీద. ఆ సంగతి ఆయనకి తోచలేదు, ఆ పిల్లకీ తోచలేదు.

కోరా చెప్పుకొచ్చింది. ఆ సోమవారం వాళ్లమ్మ లవీనియాని నేలమాళిగలో పెట్టి తాళం వేసింది. పసిపిల్ల ఇంకెవరి చేతిమీదా పాలు తాగదని. రెండు రోజుల తరవాత తీసి, మీవాళ్ల బండిని దారిలో తగలబెట్టారు, ఎవరూ మిగల్లేదు అని చెప్పింది. ఆ తరవాత ఎవరికీ కనబడకుండా పెరటి గదిలో ఉంచింది. కోరాకి నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చి కాళ్లు పడిపోయాయి. అప్పటినుంచి ఎత్తుకోవడం, స్నానం, తిండి అన్నీ లవీనియాయే.

"మీరు బతికే ఉన్నారని ఆమెకి మూడేళ్ల కిందట తెలిసింది" అంది కోరా. "కోళ్లు కొనడానికొచ్చేవాడు మాటల్లో అన్నాడు, డెల్మార్‌లో ప్రూయిట్ అని లాడాలు కొట్టేవాడు ఉన్నాడని. ఆ రోజంతా పిచ్చిదానిలా నవ్వింది."

"మరి రాలేదేం?" అన్నాను నేను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"ఒంటరిగా వంతెన ఎలా దాటుతుంది? ఉత్తరాలు రాసింది. నేనే చదువు నేర్పాను ఆమెకి. పోస్టులో వెయ్యమని నా చేతికే ఇచ్చింది." కోరా తల వంచుకుంది. "నేను వెయ్యలేదు."



"అందితే మీరు తీసుకుపోతారు. నన్ను ఎత్తుకునేవాళ్లు ఎవరుంటారు? అమ్మ నన్ను ముట్టుకోదు కూడా. జవాబు రాలేదేం కోరా, జవాబు రాలేదేం అని ఆమె అడుగుతుంటే, వాళ్లు నిన్ను మర్చిపోయారేమో అన్నాను. ఆ మాట నేనే అన్నాను."

జనాభా లెక్కలవాడు వచ్చిన రోజు సంగతి కూడా చెప్పింది. వాళ్లమ్మ ఎప్పటిలాగే ఆమెని లెక్కలో వదిలేసి, ఇంట్లో ఇద్దరమే అని రాయిస్తుంటే, పెరటి గదిలోంచి లవీనియా నడిచి వచ్చి అందరి ఎదటా నిలబడింది. "నన్నూ రాసుకోండి బాబూ. లవీనియా ప్రూయిట్. ముప్పై ఏడేళ్లు. నీగ్రో. చదవడం, రాయడం వచ్చు" అంది. వాళ్లమ్మ వద్దంటున్నా వినకుండా, అతను రాసేదాకా అక్కడే నిలబడిందట. ఎందుకలా చేశావని కోరా అడిగితే, "అచ్చులో పడితే ఎవరో ఒకరు చదవకపోతారా" అందట.

నేను ఆ పిల్లని చెంపమీద కొట్టి ఉండేదాన్ని. చెయ్యి లేచింది కూడా. నాన్న లేచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉత్తరాలున్నాయా అమ్మా?" అన్నాడు.

దుప్పటి కింద ఒళ్లోనే ఉన్నాయి. మూడు కవర్లు. ఎన్నాళ్లనుంచి అలా పెట్టుకు కూర్చుంటోందో. నాన్న తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"మీ పాత శ్మశానంలో. చర్చి వెనక. తెల్లవాళ్ల శ్మశానంలో ఒప్పుకోకపోతే అమ్మే కూలివాళ్లని పెట్టి తీసుకెళ్లింది." కోరా ఏడుస్తోంది. "నన్ను ఏమైనా అనండి. దయచేసి ఏదో ఒకటి అనండి."

నాన్న టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

చర్చి లేదు, దాని పునాదిరాళ్లు ఉన్నాయి. శ్మశానంలో ఎవరివో పశువులు మేస్తున్నాయి. గడ్డి మొలవని దిబ్బ ఒక్కటే ఉంది కాబట్టి వెతుక్కోనక్కర్లేకపోయింది. నాన్న పశువుల్ని తోలేసి, దిబ్బమీద మోకాళ్లూని, గిట్టలు దిగబడిన గుంటల్లో మట్టి పోసి అరచేత్తో చదును చేశాడు. "ఆలస్యమైందే" అన్నాడు. పొద్దు దిగుతోందని నేను రెండుసార్లు గుర్తు చెయ్యాల్సొచ్చింది.

వంతెన దాటాక మా వైపు గట్టుమీద కూర్చుని, ఇంకా వెలుతురుండగానే చదవమన్నాడు. మొదటి రెంటిలో క్షేమసమాచారాలు. ఎస్టెల్‌కి చెవిపోటు తగ్గిందా, వదినకి మళ్లీ పిల్లలు పుట్టారా అని. మూడోదానిలో ఇలా రాసింది:

'అన్నా, నువ్వు ఆ రోజు నాకోసం ఆగే ఉంటావు. నాకు తెలుసు. ఎంతసేపు ఆగావో అని బెంగ. ఇప్పుడు తీసుకుపోవడానికి వస్తే చెప్పులజోడు పట్టుకురా. దొరసాని నాకు ఇంట్లో తిరిగే గుడ్డజోళ్లు తప్ప ఇవ్వదు. వాటితో అంత దూరం నడవలేను. కొలత పంపుతున్నాను.'

కవరులో ఇంకో కాగితం ఉంది. దానిమీద పెన్సిలుతో పాదం చుట్టూ గీసిన గీత. కొట్లో నల్లవాళ్లని తొడిగి చూసుకోనివ్వరు కాబట్టి మేమంతా కొలత అలాగే తీసుకెళ్తాం. నాన్న ఆ కాగితం మోకాలిమీద పరిచి, దానిమీద చెయ్యి పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు.

సోమవారం పని మానేసి బజారుకి వెళ్లాడు. నేనూ వెళ్లాను. కొట్టువాడు కాగితంమీది పాదం గీతతో సరిచూసి నల్లతోలు జోడు తీశాడు.

"మీ ఆవిడకా?"

"మా చెల్లికండీ."

"దూరంగా ఉంటుందా? బిగువైతే మార్చుకోవచ్చు, వారంలోగా తెమ్మను."

"అక్కర్లేదు దొరా" అన్నాడు నాన్న. "సరిగ్గా సరిపోతాయి."