ఊగని ఎనభై

కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో కొవ్వు యజమానిది, ఒత్తిడి ఆయన బావమరిదిది. డిగ్రీ పూర్తి చేయని బావమరిదికి ఎనభై డిగ్రీల బాధ్యత అప్పగించి, ‘ప్రాసెస్ ఇన్‌చార్జి’ అని పేరు పెట్టారు. అక్క కాపురం చల్లగా ఉండాలంటే మైనం తొట్టి వేడిగా ఉండాలి. అంతే ఉద్యోగం.

తొట్టి పక్కన గోడకి కంట్రోలర్ ఉంది. అందులో రెండు అంకెలు. పచ్చది సెట్‌పాయింట్, అంటే మనం కోరుకున్నది. ఎర్రది ప్రాసెస్ వాల్యూ, అంటే మనకి దక్కింది. ఈ రెంటి మధ్య తేడాని ఇంజనీర్లు ఎర్రర్ అంటారు, ఇళ్లల్లో కాపురం అంటారు. మైనంలో మునిగి వేడి కొలిచే థర్మోకపుల్ కూడా పేరుకి తగ్గ జంటే: రెండు వేరు వేరు లోహాల తీగలు కొసన కలిసి, వేడి పుడితే తప్ప నోరు విప్పవు. అవి చేరవేసిన కబురు విని కంట్రోలర్ డెబ్బై ఎనిమిదికి హీటర్ వేస్తుంది, ఎనభై రెండుకి ఆపుతుంది. ఆ మధ్య జాగా పేరు హిస్టరీసిస్. ఎర్ర అంకె ఆ జాగాలో పొద్దస్తమానం ఉయ్యాల ఊగుతుంది. మైనం మాత్రం హాయిగా కరుగుతుంది.

ఆ ఊగడమే యజమానికి గిట్టలేదు. మిషన్‌కి హిస్టరీసిస్ ఉంటే ఆయనకి హిస్టీరియా వచ్చింది.

“ఎనభై అంటే ఎనభై ఉండాలిరా! ఇదేంటి, తాగినోడిలా తూలుతోంది?”

“దాని పద్ధతే అది బావా. కొంచెం అటూ ఇటూ...”

“అటూ లేదు ఇటూ లేదు. రేపు పొద్దున పెద్ద దుకాణాలకి సరుకు కొనే మేడమ్ వస్తోంది. ఆవిడ ముందు అది ఊగిందో, నీ ఉద్యోగం ఊడిందే! మీ అక్క ఏడ్చినా వినను.”

మర్నాడు పొద్దున్నే బావమరిది థర్మోకపుల్‌ని తొట్టిలోంచి పైకి లాగి, వేణ్ణీళ్లు పోసిన ఫ్లాస్కులో దించాడు. తొట్టి వెనక ఫ్లాస్కు పెట్టి పైన గుడ్డ కప్పాడు. నీళ్లు కాస్త చల్లారితే చాలు, కెటిల్‌తో కొసరి కొసరి పోశాడు. ఎర్ర అంకె ఎనభై మీద కొయ్యబారిపోయింది.

అచ్చుల్లో మైనం పోసే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి చూసింది.

“ఇదేం పని నాయనా! జ్వరం నీకొస్తే థర్మామీటర్ పక్కింటాయన నోట్లో పెడతావా?”

“పిన్నీ, నీకు దణ్ణం పెడతా, ఈ ఒక్క పూట మాట్లాడకు.”

“నా నోరైతే మూస్తావు. మైనం నోరు?”

బావమరిది తొట్టి మూత మూశాడు.

పొద్దున వస్తానన్న మేడమ్ మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఫ్లాస్కు వేడిని చూసి లోకమంతా వేడిగానే ఉందనుకున్న కంట్రోలర్, అంతసేపూ హీటర్ జోలికే పోలేదు.

“ఎంతసేపటి నుంచి ఇలా ఉంది?” అని మేడమ్ ఎర్ర అంకెని చూసి అడిగింది.

“పొద్దుటి నుంచీ! మావాడి కంట్రోల్ అలాంటిది మేడమ్.”

“చల్లటి మైనం పడినా?”

“కొండ పడినా!” అన్నాడు యజమాని.

మేడమ్ మూత తీయించి, పక్కనున్న బుట్టలోంచి ఒక మైనం దిమ్మ అందుకుని తొట్టిలోకి వదిలింది. బుడుంగుమనలేదు. ఠక్కుమంది. పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా దిమ్మ పైనే కూర్చుంది. మైనం మౌనం. అంకె మాత్రం ఎనభై.

“ఎనభైలో గడ్డకట్టే మైనం ఎక్కడ కొన్నారండీ?”

యజమాని గిరుక్కున తిరిగాడు. “పిన్నీ! ఏం చేశావ్ దీన్ని? రేపట్నుంచి పనిలోకి రాకు!”

పిన్ని నోరు తెరవలేదు. మాట ఇవ్వకపోయినా నిలబెట్టుకుంది. అదే బావమరిదికి చురుక్కుమంది. గుడ్డ లాగేశాడు.

“పిన్ని కాదు బావా, నేనే. ఊగకూడదన్నావుగా!”

మేడమ్ ఫ్లాస్కుని చూసి నవ్వు ఆపుకోలేక తొట్టి అంచు పట్టుకుంది. అది పట్టుకునేంత చల్లగానే ఉంది మరి. “కొవ్వొత్తుల కోసం వస్తే టీకొట్టు చూపించారే! ఆ తీగని దాని చోట పెట్టు బాబూ.”

గడ్డకట్టిన పై పొర పొడిచి పెట్టాడు. ఎర్ర అంకె దబ్బున యాభై రెండుకి పడింది. హీటర్ టక్కుమంది. మైనం మళ్లీ కరిగేసరికి సాయంత్రమైంది. అంకె ఎనభై దగ్గర ఆగకుండా ఎనభై నాలుగు దాకా ఎగిరి, సిగ్గుపడి దిగి, ఉయ్యాల మొదలెట్టింది. మేడమ్ ఇంకో దిమ్మ వేస్తే కాస్త కుంగి, మళ్లీ లేచింది.

“ఇదీ! పలకరిస్తే పలికింది. ఆర్డర్ మీదే. కానీ నేనెప్పుడొచ్చినా అది ఇలా ఊగుతుండాలి.”

ఆవిడ కారు మలుపు తిరిగాక యజమాని పిన్నితో “రేపు పొద్దున్నే రావాలి” అని, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. గండం గడిచిందనుకున్నాడు బావమరిది.

“ఒరేయ్, ఇకనుంచి అది ఊగాలి. మరీ ఎక్కువ కాదు. మర్యాదగా, రెండేసి డిగ్రీలు.”

“దానంతటదే ఊగుతుంది బావా.”

భుజం మీది చెయ్యి లేచిపోయింది. “దానంతటదే ఊగితే నీకు జీతం దేనికిరా?”

బావమరిది ఊపిరి బిగబట్టి, ఎర్ర అంకె వంక గంభీరంగా చూశాడు.

“కష్టమే బావా,” అన్నాడు. “కానీ ఊపుతాను.”